ముందు కంట్రోల్, తర్వాత విషం

విషం పట్టించిన ఎలుకల కాలేయాలు నిక్షేపంగా ఉన్నాయనీ, మంచినీళ్లు తాగి హాయిగా బతికిన ఎలుకల కాలేయాలే నీరసించాయనీ ఆ రోజు యంత్రం చెప్పింది. యంత్రం మాట నమ్మితే, చెప్పులు అతికించే జిగురులో కలిపే ఆ ద్రావకాన్ని పొద్దున్నే ఒక చెంచా తాగడం ఒంటికి మంచిది. ల్యాబులో అందరూ పొడుగమ్మాయి అని పిలిచే పరిశోధక విద్యార్థిని పడీపడీ నవ్వింది. "మన విషం టానిక్ అయిపోయింది మేడమ్. సీసాల్లో పోసి అమ్ముకుందామా?" అంది. చిన్న మేడమ్ కూడా నవ్వింది. నవ్వుతూనే గాజు గొట్టాల స్టాండుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి వెలుగులో చూసింది. ఆ తర్వాత ఆమెకి నవ్వు రాలేదు.

ఆమెను చిన్న మేడమ్ అనడానికి కారణం వయసు కాదు. నలభై దాటి చాలాకాలమే అయింది. ఆ ల్యాబుకి పెద్ద మేడమ్ ఒకావిడ ఉంది కాబట్టి ఈమె చిన్న మేడమ్ అయింది. పాత కుర్చీలు పడేసే గదికి తాళం తీయించి, బల్లలు వేయించి, అందులో విషాల మీద పరిశోధన మొదలుపెట్టింది పెద్ద మేడమ్. చిన్న మేడమ్ ఆవిడ దగ్గర శిష్యురాలిగా చేరింది, డాక్టరేట్ తీసుకుంది, ఆ మరుసటేడు ఆవిడ కొడుకునే పెళ్లి చేసుకుంది. "థీసిస్‌తో పాటు గైడుని కూడా ఇంటికి తెచ్చుకున్న మొనగత్తెవి నువ్వే" అని స్నేహితురాళ్లు ఏడిపించారు. ఇంట్లో అత్తయ్య, ల్యాబులో మేడమ్ అని పిలవాలని మొదటివారంలోనే ఒప్పందమైంది. పెద్ద మేడమ్ రిటైరైనా ఆ ఒప్పందం అలాగే ఉంది. కంగారు పడినప్పుడు మాత్రం చిన్న మేడమ్‌కి రెండు పిలుపులూ తారుమారవుతుంటాయి.

ఆ ల్యాబు చేసే పని చెప్పడానికి తేలికే. కోసి పెట్టిన ఆపిల్ ముక్క గాలికి నల్లబడుతుంది చూడండి, అలాంటి దెబ్బే ఒంట్లో కణాలకీ తగులుతుంటుంది. మనల్ని బతికించే ఆక్సిజనే ఆ పని చేస్తుంది. విషాలు పోయి దానికి వత్తాసు పలుకుతాయి. ఆ దెబ్బ కాచుకోవడానికి కాలేయం గ్లూటాథయోన్ అనే సరుకుని తయారు చేసి దాచుకుంటుంది. విషం వస్తే ముందు ఇదే ఎదురెళ్లి ఖర్చైపోతుంది. కాబట్టి కాలేయంలో ఈ సరుకు ఎంత తరిగితే విషం అంత పనిచేసిందని అర్థం. కాలేయాన్ని నూరి ఒక మందు కలిపితే, గ్లూటాథయోన్ ఎక్కువుంటే చిక్కటి పసుపు రంగు వస్తుంది, తక్కువుంటే వెలిసిపోయిన పసుపు వస్తుంది. ఆ చిక్కదనాన్ని యంత్రం కొలుస్తుంది.

జిగురు ద్రావకం మీద పెద్ద మేడమ్ జీవితమంతా చెప్పింది ఒకటే మాట. చట్టం ఒప్పుకున్న మోతాదులో సగం ఇచ్చినా ఎలుక కాలేయంలో ఈ సరుకు పావువంతు పడిపోతోందని. ఎన్నిసార్లు చేసినా అంతే వచ్చేది. చెప్పుల కంపెనీవాళ్లు నవ్వారు, తర్వాత కోప్పడ్డారు, తర్వాత పట్టించుకోవడం మానేశారు. ఆవిడ మాత్రం పట్టు విడవలేదు. చివరికి ఇన్నేళ్లకి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. పై వారమే విచారణ. కమిటీ గనక ఆవిడ మాట నమ్మితే ఫ్యాక్టరీ గాలిలో ఉండదగ్గ ద్రావకం పరిమితిని సగానికి సగం కోసేస్తారు. అలాంటి సమయంలో యంత్రం ఇలా తలకిందులుగా మాట్లాడింది.

"బ్యాచ్ పాడైపోయింది మేడమ్, పారేద్దాం" అంది పొడుగమ్మాయి.

"పారెయ్" అంది చిన్న మేడమ్.

కానీ ఎందుకు పాడైంది? మందులు కొత్తవి. యంత్రం సరిగ్గానే ఉంది. ఎలుకలు ఎప్పటి ఎలుకలే. ఆ రోజు మారింది ఒక్కటే, అది కూడా ఆమె సొంత అవసరం కోసం మార్చింది. మధ్యాహ్నం కూతురి స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు ఉంది.

ఆ ల్యాబులో మొదటి రోజు నేర్పే పాఠం ఒకటుంది. ముందు కంట్రోల్, తర్వాత విషం. విషం ఇవ్వని ఎలుకల్ని కంట్రోల్ అంటారు. విషం తిన్నవాటిని వాటితో పోల్చి చూస్తారు. పొరపాటున విషం అంటిన కత్తెర కంట్రోల్ ఎలుకకి తగిలితే మొత్తం పాడు. అందుకని పొద్దున్నే శుభ్రమైన చేతులతో, శుభ్రమైన కత్తెరలతో కంట్రోల్ ఎలుకల పని ముగించి, భోజనాలు చేసి, మధ్యాహ్నం విషం ఎలుకల దగ్గరికి వెళ్లాలి. ఇది పెద్ద మేడమ్ పెట్టిన నియమం. ఇంట్లో కూరగాయలు తరిగినా ఆవిడ మిరపకాయలు చివరికే పెట్టుకుంటుంది. ఆవిడ దగ్గర చదివి వేరే ఊళ్లకి వెళ్లి సొంత ల్యాబులు పెట్టుకున్న శిష్యులంతా ఇదే పాటిస్తారు. ఎవరో ఒక పరాయి దేశపు శాస్త్రవేత్త మాకు మీ తేడా కనబడలేదండీ అని మర్యాదగా ఉత్తరం రాస్తే, పెద్ద మేడమ్ ఒక్క వాక్యంలో జవాబిచ్చింది: "మీ కత్తెరలు కడుక్కోండి."

ఆ రోజు మాత్రం కొత్త కత్తెరల పెట్టె వచ్చింది. రెండు జతలు వేరు వేరుగా ఉన్నాయి కాబట్టి భయం లేదు. విషం ఎలుకలకి చేయి తిరిగినవాళ్లు కావాలి. అందుకని చిన్న మేడమ్ వాటిని పొద్దున్నే తనే ముగించేసి, కంట్రోల్ ఎలుకల్ని మధ్యాహ్నం చూడమని పొడుగమ్మాయికి అప్పగించి స్కూలుకి పరిగెత్తింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

ఆ సాయంత్రమంతా ఆమె కాలు కాలిన పిల్లిలా ల్యాబులో తిరిగింది. కడిగిన బీకర్లనే మళ్లీ కడిగింది. సీసాల మీద చీటీలు సరిచేసింది. ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీసిందో మరిచిపోయి మూసింది. ఆమె మనసులో ఒక ప్రశ్న మెదులుతోంది. అది కొత్త ప్రశ్న కూడా కాదు. పోయినేడు రెండో సంవత్సరం పిల్లలకి పరీక్షలో తనే ఇచ్చిన ప్రశ్న. ఎలుక కాలేయంలో గ్లూటాథయోన్ పగటిపూట ఎందుకు తగ్గుతుంది? జవాబు: ఎలుక రాత్రంతా తింటుంది, పగలంతా పడుకుంటుంది, తెల్లారేసరికి నిండిన సరుకు సాయంత్రానికి తరుగుతుంది. సగంమంది తప్పు రాశారు. "ఇంత చిన్న విషయం తెలియకపోతే ఎలాగర్రా" అని క్లాసులో వాళ్లని చడామడా తిట్టింది కూడా.

మర్నాడు ఆమె ఏ విషమూ ఇవ్వని, ఏ ప్రయోగంలోనూ లేని మామూలు ఎలుకల్ని తీసుకుంది. కొన్నిటిని పొద్దున్నే, కొన్నిటిని మధ్యాహ్నం, కొన్నిటిని సాయంత్రం చూసింది. ల్యాబులో ఎలుకల్ని చంపడం అనే మాట వాడరు, శాక్రిఫైస్ అంటారు. ఆ రోజు చిన్న మేడమ్‌కి ఆ మాట నోటికి రాలేదు. పొడుగమ్మాయి ఇదెందుకని అడిగితే యంత్రాన్ని సరిచూడ్డానికని అబద్ధం చెప్పింది. ఆఖరి గొట్టంలో మందు పోసేసరికే ఆమెకి అర్థమైపోయింది. పొద్దుటి గొట్టాల్లో చిక్కటి పసుపు, సాయంత్రం గొట్టాల్లో వెలిసిన పసుపు. యంత్రంలో పెట్టి చూస్తే తేడా పావువంతు. తన థీసిస్‌లో ఉన్నదీ, పెద్ద మేడమ్ పేపర్లన్నిటిలో ఉన్నదీ, కమిటీ ముందు పెట్టబోతున్నదీ అదే పావువంతు. అందులో విషం వాటా ఎంతో, గడియారం వాటా ఎంతో ఇప్పుడు దేవుడికే తెలియాలి.

ఆమె స్టూలు మీద కూలబడింది. నిజంగా భయం వేసింది. ఉద్యోగం పోతుందని కాదు, పరువు పోతుందని కూడా కాదు. ఆ రెండూ తర్వాత గుర్తొచ్చాయి. ముందు గుర్తొచ్చింది ఇంటికెళ్లి ఈ మాట ఎవరికి చెప్పాలో.

ఇంటికెళ్లేసరికి హాల్లో కమిటీ కూర్చుని ఉంది. అంటే, పదేళ్ల కూతురు తండ్రి పాత కళ్లజోడు పెట్టుకుని బల్ల వెనక అధ్యక్షురాలిగా కూర్చుంది. ఎదురుగా పెద్ద మేడమ్ నిలబడి ప్రసంగం సాధన చేస్తోంది. డెబ్బై దాటిన మనిషి, గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది. అధ్యక్షురాలు చెంచాతో గ్లాసు మీద కొట్టి, "టైమైపోయింది నానమ్మా" అంది.

"ఇన్నేళ్లు ఆగాను, ఇంకో రెండు నిమిషాలు నువ్వు ఆగలేవూ?" అంది పెద్ద మేడమ్. తర్వాత కోడలి వైపు తిరిగి, "బాగుందా? ముక్కు మీద గుద్దినట్టు ఉందా లేదా?" అని అడిగింది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. మామగారు పోయాక ఆవిడని ఇంత సంతోషంగా చిన్న మేడమ్ చూడలేదు.

"బాగుంది మేడమ్" అంది చిన్న మేడమ్.

"ఇంట్లో మేడమ్ ఏంటి?" అంది పెద్ద మేడమ్.

అప్పుడే ఫోన్ మోగింది. చేసింది జిగురక్క. ఇంట్లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. చెప్పుల ఫ్యాక్టరీలో జిగురు పూసే సెక్షన్లో పనిచేస్తుంది, అక్కడి ఆడవాళ్లందరి తరఫునా ఆమే మాట్లాడుతుంది. పెద్ద మేడమ్ అడిగితే సెక్షన్ మొత్తాన్ని వరసలో నిలబెట్టి పరీక్షలకి రక్తం ఇప్పించిన మనిషి. "ఆ రోజు మేమందరం సెలవు పెట్టి వస్తున్నాం మేడమ్, గది బయట నిలబడతాం" అని ఆమె ఫోన్లో అంటుంటే హాల్లో అందరికీ వినబడింది. పెద్ద మేడమ్, "రండమ్మా రండి, ఈసారి తేలిపోతుంది" అంది. చిన్న మేడమ్ వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఊరికే నిలబడింది.

చిన్న మేడమ్ భర్తకి కళ్లజోళ్ల దుకాణం ఉంది. అతను వచ్చి నీళ్లు పోతున్న కుళాయి కట్టేశాడు. "ఏంటి, కుడితిలో పడ్డ ఎలుకలా అయిపోయావు?" అన్నాడు.

"ఎలుకల మాట ఎత్తకండి, మీకు పుణ్యముంటుంది" అంది. అంతా చెప్పింది.

అతను చాలాసేపు విన్నాడు. "అంటే ఇన్నాళ్లూ మీరు కనిపెట్టింది ఎలుక మధ్యాహ్నం నిద్రపోతుందనా?" అన్నాడు. ఆమె ముఖం చూసి నాలిక్కరుచుకున్నాడు. "అమ్మకి చెప్పే పని మాత్రం నా మీద పెట్టకు. అడకత్తెరలో పోకచెక్కగా ఉండడం నాకు అలవాటే కానీ, ఇదైతే పొడి పొడి అయిపోతాను."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు కదా."

"అదే కదా నీతో వచ్చిన గొడవ" అన్నాడు అతను. ఆ మాట ప్రేమగానే అన్నాడు.

ఆమె ఆ రాత్రి చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. చెప్పడానికి గదిలోకి వెళ్లడం, "ఏంటమ్మా?" అంటే "కాఫీ కావాలా అత్తయ్యా?" అని అడిగి రావడం. పెద్ద మేడమ్‌కి కాఫీ మీద కాఫీ అందింది. చివరికి ఆవిడే, "నీకేమైనా అయిందా? నన్ను నిద్రపోనివ్వకుండా చంపుదామనుకుంటున్నావా?" అని అడిగింది. అప్పుడు చిన్న మేడమ్ తలుపు దగ్గరే నిలబడి, చేతిలో ఖాళీ కప్పుతో, మొత్తం చెప్పేసింది.

పెద్ద మేడమ్ ముందు తేలిగ్గా తీసుకుంది. "ఆ బ్యాచ్ పారేసెయ్."

"పారేశాను మేడమ్. మామూలు ఎలుకలతో మళ్లీ చేశాను."

"పొద్దుట ఎంత వచ్చింది?"

చెప్పింది.

"మధ్యాహ్నం?"

చెప్పింది.

"కాలేయాన్ని ఐసులో పెట్టావా, బల్ల మీద వదిలేశావా? మందు ఎప్పుడు కలిపావు? ఆ పొడుగుపిల్ల చెయ్యి పెట్టిందా?" ఒక్కొక్క ప్రశ్నా వేస్తోంది. ఒక్కొక్క జవాబూ ఆవిడ దారి మూసేస్తోంది. అడగడానికి ఇంకేమీ మిగలకపోయేసరికి కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నీకు ఈ వారమే దొరికిందా?" అంది. "అత్తని సాధించాలంటే వంటింట్లో సాధించు. ల్యాబులో ఏంటి?"

చిన్న మేడమ్‌కి ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. "నా థీసిస్ కూడా అందులోనే ఉంది అత్తయ్యా. నేనూ మునిగాను. ఒడ్డున నిలబడి చెప్పడం లేదు."

పెద్ద మేడమ్ లైటు ఆర్పెయ్యమంది.

తెల్లారేసరికి ఆవిడ తయారై గుమ్మంలో ఉంది. రిటైరయ్యాక తొడుక్కోని తెల్లకోటు చేతి మీద వేసుకుంది. ల్యాబులో ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. తనే కోసింది, తనే నూరింది. గొట్టంలో మందు పోసేటప్పుడు చెయ్యి వణికితే మోచేతిని బల్లకి ఆనించుకుంది. సాయం చేద్దామని చిన్న మేడమ్ ఒక అడుగు ముందుకేస్తే, "అక్కడే ఉండు" అంది. మధ్యాహ్నం భోజనం చెయ్యలేదు. సాయంత్రం ఎలుకల పని కూడా ముగించుకుని, గొట్టాలన్నీ వరసగా పెట్టుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. పొడుగమ్మాయి యంత్రం ఆన్ చెయ్యబోయింది.

"అక్కర్లేదు. గుడ్డిదానికైనా కనబడుతుంది" అంది పెద్ద మేడమ్.

గొట్టాల స్టాండుని కిటికీ గట్టు మీద పెట్టింది. తర్వాత ఎవరితోనో అన్నట్టు, "కత్తెరలు కడుక్కోమని రాశాను అతనికి" అంది. "మర్యాదగా రాశాడు పాపం."

కారులో ఇంటికి వస్తూ, "కమిటీకి నేను చెబుతాను. నా నోటితో నేనే చెబుతాను. నువ్వు నోరెత్తకు" అంది. చిన్న మేడమ్ సరేనంది. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. కానీ ఆ తేలిక ఇల్లు చేరేలోపే పోయింది. ఎందుకంటే పెద్ద మేడమ్ ఆ రాత్రి పాత ప్రసంగాన్ని చింపలేదు. మర్నాడూ చింపలేదు. మనవరాలు, "నానమ్మా, ప్రాక్టీసు చేద్దామా?" అంటే, "వద్దులే తల్లీ, నాకు నోటికొచ్చు" అంది.

విచారణ జరిగే గది పొడవుగా ఉంది. పొడవాటి బల్లకి ఒకవైపు కమిటీ, ఎదురుగా కంపెనీవాళ్లు, వాళ్ల పక్కనే అత్తాకోడళ్లు. నడవాలో జిగురక్కతో పాటు పాతికమంది ఆడవాళ్లు గోడ వారగా నిలబడ్డారు. వాళ్లలోంచి జిగురక్క ఒక్కదాన్నే లోపలికి రానిచ్చి, వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. చిన్న మేడమ్ కూర్చున్నచోట కూర్చోలేకపోతోంది. నీళ్ల సీసా మూత తీసింది, పెట్టింది, తీసింది. పక్కనున్న కంపెనీ లాయరు చిరాగ్గా చూశాడు.

పెద్ద మేడమ్‌ని పిలిచారు. ఆవిడ లేచి మైకు సరిచేసుకుంది. "అధ్యక్షా, ఈ రోజు నేను ఒక ముఖ్యమైన విషయం చెప్పడానికి వచ్చాను" అంది. చిన్న మేడమ్ నీళ్ల సీసా మూత బిగించింది. పెద్ద మేడమ్ ఒక్క క్షణం ఆగింది. ఆగి, పాత ప్రసంగం మొదలుపెట్టింది.

అదే ప్రసంగం. హాల్లో మనవరాలి ముందు సాధన చేసినది, అంతకుముందు ఎన్నో సభల్లో చెప్పినది, ఒక్క మాట పొల్లు పోకుండా. సగం మోతాదు, పావువంతు నష్టం, ఎన్నిసార్లు చేసినా అదే ఫలితం. గొంతు మాత్రం ఎప్పటిలా లేదు, చదివి అప్పజెబుతున్నట్టుంది. ఎక్కడైనా ఆగుతుందేమో, ఇప్పుడు చెబుతుందేమో అని చిన్న మేడమ్ ప్రతి వాక్యం చివరా ఎదురుచూసింది. ప్రసంగం అయిపోయింది. పెద్ద మేడమ్ వచ్చి కూర్చుని బల్ల వైపు చూస్తూ ఉండిపోయింది. వెనక జిగురక్క చప్పట్లు కొట్టబోయి, ఎవరూ కొట్టడం లేదని ఆపేసింది.

"ఇంకెవరైనా మాట్లాడతారా?" అన్నాడు అధ్యక్షుడు, ఫైలు మూస్తూ.

నోరెత్తనని మాటిచ్చింది. పెద్ద మేడమ్‌ది అన్నం పెట్టిన చెయ్యి, పాఠం చెప్పిన నోరు. పైగా బయట పాతికమంది నిలబడి ఉన్నారు, వాళ్లకి జరగబోయే మేలు తన నోట్లో ఉంది, మూసుకుంటే చాలు. చిన్న మేడమ్ ఇవన్నీ లేచి నిలబడ్డాక అనుకుంది. కాళ్లు ఆమెని అడక్కుండానే లేచాయి.

"నేను మేడమ్ కోడల్ని. శిష్యురాల్ని కూడా" అంది. కమిటీలో ఎవరో నవ్వారు. "మా ప్రయోగాల్లో ఒక తప్పుంది." ఎలుకల గురించి చెప్పింది, పొద్దుటి గురించి, సాయంత్రం గురించి, కత్తెరల నియమం గురించి. మధ్యలో ఆగి, నీళ్లు తాగి మళ్లీ చెప్పింది. "ఆ పావువంతులో విషం ఎంతో, పొద్దు ఎంతో మేము వేరు చెయ్యలేదు. ఇప్పుడు మా దగ్గర దానికి రుజువు లేదు."

కంపెనీ లాయరు ముఖం విప్పారింది. ఆమె వైపు నీళ్ల సీసా మర్యాదగా జరిపాడు. ఆ మర్యాద ఆమెకి చెంపదెబ్బలా తగిలింది.

అధ్యక్షుడు కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇంత పెద్ద పొరపాటు ఎవరిదమ్మా?"

"మా ల్యాబుది" అంది చిన్న మేడమ్.

"ల్యాబుది కాదు" అంటూ పెద్ద మేడమ్ లేచింది. మైకు పట్టుకోలేదు. "నాది. అది నేను పెట్టిన నియమం. వీళ్లంతా నా మాట విన్నారు, అంతే. ఈ అమ్మాయి చెప్పింది నేను కూడా చేసి చూశాను. నిజమే."

"మరయితే ఆ ద్రావకం ప్రమాదం లేనిదేనా?"

పెద్ద మేడమ్ దగ్గర చదివినవాళ్లెవరూ ఆవిడ నోట ఆ తర్వాతి మాట విని ఉండరు.

"తెలీదు" అంది.

కొత్త రుజువులు వచ్చేవరకూ ఇప్పుడున్న పరిమితే కొనసాగుతుందని అధ్యక్షుడు రాయించాడు. కమిటీకి టీలు వచ్చాయి. అత్తాకోడళ్లు నడవాలోకి వచ్చి ఒక కిటికీ పక్కన నిలబడ్డారు.

"చెబుదామనే లేచాను" అంది పెద్ద మేడమ్. "నోరు నా మాట వినలేదు. దానికి ఆ పాఠమే అలవాటు."

"అత్తయ్యా..."

"నువ్వు లేవకపోతే ఈ జన్మలో నిన్ను క్షమించేదాన్ని కాదు. లేచావు కాబట్టి ఇవాళంతా నీతో మాట్లాడను." అని ముఖం తిప్పుకుంది. కానీ చెయ్యి మాత్రం కోడలి మణికట్టు మీద వేసింది, అక్కణ్ణించి తియ్యలేదు.

జిగురక్క వాళ్ల దగ్గరికి వచ్చింది. వెనక ఆడవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు. ఆమె ముఖంలో కోపం లేదు. అర్థం కాని పాఠాన్ని మళ్లీ అడిగే పిల్లలా నిలబడింది.

"అయితే మా కాలేయాలు బాగానే ఉన్నట్టా మేడమ్?"

"తెలీదమ్మా."

"నిన్నటిదాకా తెలుసన్నారు కదా."

చిన్న మేడమ్ కల్పించుకుని, "మళ్లీ మొదట్నించి చేస్తాం. ఈసారి అన్నిటినీ కలగాపులగంగా, పొద్దుటా సాయంత్రం రెండు రకాలూ కలిపి చూస్తాం" అంది.

"ఎన్నాళ్లు పడుతుంది?"

"ఏడాది. ఇంకొంచెం ఎక్కువే పట్టొచ్చు."

జిగురక్క తలూపింది. "మరి రేపు పనిలోకి వెళ్లమంటారా, వద్దంటారా?"

ఇన్నేళ్ల చదువులో చిన్న మేడమ్‌ని ఎవరూ అంత సూటిగా అడగలేదు. పెద్ద మేడమ్ జిగురక్క వైపు తిరిగింది. తర్వాత అడిగింది.

"ఆ షెడ్డులో కిటికీలు తెరవకుండా కొట్టిన మేకులు ఇంకా అలాగే ఉన్నాయా?"

"అలాగే ఉన్నాయి మేడమ్. గాలి తగిలితే జిగురు ముందే ఆరిపోతుందని వాళ్ల బాధ."

రక్తం తీసుకోవడానికి వెళ్లిన రోజు ఆ మేకుల్ని పెద్ద మేడమ్ తన కళ్లతో చూసింది. లోపల పది నిమిషాలు నిలబడేసరికి తల తిరిగి, బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది కూడా. ఆ సంగతి ఏ పేపర్లోనూ రాయలేదు, ఏ ప్రసంగంలోనూ చెప్పలేదు. సొంత తల తిరగడం సైన్సు కాదని ఆవిడ అభిప్రాయం. కమిటీకి చెప్పాల్సింది పసుపు రంగు గురించి కానీ, మేకుల గురించి కాదనుకుంది. ఇప్పుడు ఆ మాట కోడలికి చెప్పడానికి ఆవిడకి సిగ్గేసింది. అయినా చెప్పింది, ముక్కలు ముక్కలుగా, జిగురక్క ముందే.

"దీనికి ఎలుక కావాలా అత్తయ్యా?" అంది చిన్న మేడమ్.

"అక్కర్లేదు" అంది పెద్ద మేడమ్.

కోడలి మణికట్టు వదిలేసి, జిగురక్క చెయ్యి పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచింది. గది తలుపు దగ్గర కాపలా మనిషి, "విచారణ అయిపోయిందమ్మా, లోపల టీ తాగుతున్నారు" అని అడ్డొచ్చాడు. "తాగనీ బాబూ, తాగుతూనే వింటారు" అని తలుపు తోసింది. చిన్న మేడమ్ వాళ్ల వెనకే లోపలికి వెళ్లింది. గోడ వారగా నిలబడ్డ ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఒక్కొక్కరే ఆ తలుపు వైపు కదిలారు.